జత తప్పని మూలాలు

నా పక్క సీట్లో ఇసుక బస్తా కూర్చుని ఉంది. కిటికీ పక్క చోటు దానికే ఇచ్చారు. ఎదురుగా మరో రెండు, వాటి వెనక ఇంకో వరస, బోగీ చివరిదాకా అన్నీ బస్తాలే, మనిషి బరువుకు తూచి, జారిపోకుండా నడుముకు పట్టీలు బిగించి కూర్చోబెట్టినవి. ఒకటి మాత్రం కాస్త పక్కకు ఒరిగి పొరుగు బస్తా భుజం మీద తల వాల్చినట్టుంది. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత బుద్ధిగా కూర్చున్న క్లాసు నాకు ఏనాడూ దొరకలేదు, లేచి సుద్దముక్క అందుకుందామా అనిపిస్తోంది. బండి ఇంకా నింపాదిగానే పోతోంది. బయట ఇళ్ళ పెరళ్ళు, తీగల మీద ఆరేసిన దుప్పట్లు, నిచ్చెన మీద నిలబడి గోడకు సున్నం వేస్తున్న మనిషి. అతను చెయ్యి ఆపి మా వైపు చూశాడు. కొత్త బండి, పొడుగాటి ముక్కు, లోపల ఎవరెవరున్నారో అనుకుని ఉంటాడు. ఎవరున్నాం? ముందు డ్రైవరు, ఈ బోగీలో నేను, తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డ చీఫ్ ఇంజినీరు, వెనక బోగీలో మీటర్ల ముందు ఇద్దరు ముగ్గురు. మిగతాదంతా ఇసుకే. ఇంకాసేపట్లో లోయ మీది వంతెన వస్తుంది. పోయినేడు ఏ వేగం దగ్గర ఈ బండి ఆ వంతెన మీద వణికిపోయిందో, సరిగ్గా ఆ వేగంతోనే ఇవాళ దాని మీదికి వెళ్ళాలి. ఈసారి వణకదని చెప్పింది నేను. చెప్పి ఊరుకోకుండా వచ్చి ఇందులో కూర్చున్నదీ నేనే.

పోయినేడు ఆ రోజు నేను లేను. డ్రైవరు చెప్పగా విన్నాను. ఇందాక ప్లాట్‌ఫారం మీద టోపీ సర్దుకుంటూ మళ్ళీ చెప్పాడు. "మొదట అరికాళ్ళకు తెలిసింది మేడమ్, చెవికి తర్వాత. నేల కింద ఎవరో పెద్ద తేనెతుట్టెను కదిపినట్టు. కప్పులో టీ నా కళ్ళముందే అంచు దాటి పోయింది. బ్రేకు వేసేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది, టీతో కాదు." చెప్పి నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు. దిగి చూస్తే పట్టాను పట్టి ఉంచే ఇనుప బిగింపులు కొన్ని చిట్లిపోయి ఉన్నాయట. మనుషులకు ఏమీ కాలేదు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కానీ ఎందుకైందో ఎవరికీ అంతుపట్టలేదు. ఎందుకంటే లెక్క ప్రకారం అది జరగకూడదు. అందరూ వాడే ప్రోగ్రాంతో లెక్క కట్టాకే వంతెన మీద పట్టాలు పరిచారు, ఏ వేగం దగ్గరా భయం లేదని అది తేల్చి చెప్పింది. చీఫ్ ఇంజినీరు మా గణితశాఖకు వచ్చినప్పుడు అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది. "కంప్యూటరు తప్పు చెప్పదు మేడమ్. మావాళ్ళు పట్టాలు వెయ్యడంలోనే ఎక్కడో తప్పుంది. మీరొకసారి లెక్క సరిచూసి బావుందని చెప్పేస్తే మావాళ్ళ సంగతి నేను చూసుకుంటా." ఆరడుగుల మనిషి, చేతులు చూస్తే పట్టాలను వంచి ముడి వేసేలా ఉంటాయి. ఆయన గది దాటగానే నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆయనకు ఇనుపాయన అని పేరు పెట్టేసింది. తన పేరు మాత్రం డిపార్ట్‌మెంటు మొత్తానికి పిట్ట. గొంతు అంతే ఉంటుంది, తిండీ అంతే, మొండితనం మాత్రం ఏనుగంత.

ఆ లెక్క ఏమిటని మా అత్తయ్య అడిగింది ఒక సాయంత్రం, వంటింట్లో టమాటాలు తరుగుతూ. కోడలు పొద్దస్తమానం కాగితాల మీద ఏం గీకుతుందో పక్కింటావిడకు చెప్పాలట. పట్టా కింద వరసగా దిమ్మలుంటాయి కదా అత్తయ్యా, ఒక దిమ్మ దగ్గర పుట్టిన వణుకు పక్క దిమ్మకు చేరేసరికి ఎంత మిగులుతుంది, సగమా, పదోవంతా, అదే మేము వెతికే సంఖ్య అన్నాను. దాన్ని పట్టుకోవాలంటే మామూలు సమీకరణం చాలదు. అంకెలుండాల్సిన చోట అంకెల పట్టికలే కూర్చున్న బహుపది కావాలి, ఆ పట్టికలను మాత్రికలంటాం, ఆ బహుపది మూలాలే మనక్కావలసిన సంఖ్యలు. దానికొక గుణం ఉంది, మొదటి నుంచి చదివినా చివరి నుంచి చదివినా ఒకటే. కాకపోతే చివరి నుంచి వచ్చేటప్పుడు ఒక్కో పట్టికలో అడ్డవరసల్ని నిలువుగా తిప్పుకోవాలి. అత్తయ్య కత్తి ఆపి, "అంటే మా చిన్నప్పుడు బళ్ళో మందారదామం అని ఎటు నుంచి చదివినా వచ్చేది, అలాగానా?" అంది. అచ్చం అలాగే. అంత త్వరగా అర్థం చేసుకున్న విద్యార్థి నాకు ఎమ్మెస్సీలో కూడా తగల్లేదని చెబితే ఆ పూటంతా ఆవిడ కాలు నేల మీద ఆనలేదు. అయితే ఆ గుణం వల్ల ఏమిటి లాభం అని మళ్ళీ తనే అడిగింది. లాభమేమిటంటే ఆ మూలాలు ఎప్పుడూ ఒంటరిగా ఉండవు. రెండు ఒక మూలమైతే అర కూడా మూలమే. వెయ్యి ఉంటే వెయ్యోవంతు ఎక్కడో ఉండి తీరాలి. వణుకు ముందుకు ఎలా పోతుందో వెనక్కీ అలాగే పోతుంది, పట్టాకు ముందు మీద ప్రేమా లేదు, వెనక మీద పగా లేదు, ఆ జతలు చెప్పేది అదే.

దీన్నే సౌష్ఠవం అంటాం. ఈ మాట కోసం నా వయసులో మంచి భాగమంతా ఇచ్చాను. అప్పట్లో నా గైడు, పెద్ద మనిషి, నా మీద అభిమానంతోనే అన్నాడు. "అమ్మాయ్, సౌష్ఠవమంటే కిటికీకి కట్టుకునే తెర. ఉంటే ఇంటికి అందం, లేకపోతే ఇల్లేం కూలిపోదు. తెరలు కుట్టుకుంటూ కూర్చుంటే నీకు ఉద్యోగం ఎవడిస్తాడు?" ఉద్యోగం వచ్చింది, ఆలస్యంగా. ప్రమోషన్లు ఇంకా ఆలస్యంగా. నా తర్వాత చేరినవాళ్ళు నా కన్నా ముందు పెద్ద గదుల్లోకి మారారు. నేను మెట్ల కింద గదిలోనే ఉండిపోయాను, ఎవరు పైకెక్కినా కిందికి దిగినా నా నెత్తి మీదే అడుగుల చప్పుడు. నా వ్యాసాలు చదివినవాళ్ళు వేళ్ళ మీద లెక్కకొస్తారు. ఇదంతా తలుచుకుంటే ఒకప్పుడు బాధ కలిగేది. ఇప్పుడు కలగడం లేదు, కిటికీ అవతల పొలాలు పరుగెడుతున్నాయి, తలుపు పైన ఎర్రటి అంకెల్లో వేగం పెరుగుతోంది, ఇనుపాయన కమ్మీ మీద చెయ్యి మార్చుకున్నాడు.

ఆ మెట్ల కింద గదికే వచ్చింది పిట్ట ఒక మధ్యాహ్నం, భోజనం వేళ, మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడమ్, ఒకడు తప్పిపోయాడు" అంది. ఎవడే అన్నాను, వాళ్ళింట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోననుకుని. "వీడి జత మేడమ్. వీడు ఇక్కడున్నాడా, రెండోవాడు అక్కడ ఉండాలి. లేడు. ఇంకెవడో ఉన్నాడు, కానీ వాడు వీడికి సంబంధించినవాడు కాడు." పక్కకు వంగి చూశాను. ప్రోగ్రాం ఇచ్చిన మూలాలన్నిటినీ జతలు జతలుగా కలపబోయింది తను, పట్టాలవాళ్ళెవరికీ తట్టని పని, అవి జతలుగా ఉండాలని తెలిసినవాళ్ళకే తడుతుంది. పెద్ద సంఖ్యలన్నీ దర్జాగా ఉన్నాయి. వాటి చిన్న జతలు మాత్రం చెల్లాచెదురై, కొన్ని అసలు పోలిక లేకుండా పోయాయి. బహుపదికి ఆ గుణం ఉందని ప్రోగ్రాంకు ఎవరూ చెప్పలేదు, అది మొదటి అడుగులోనే ఆ గుణాన్ని విరిచేసి తర్వాత ఎంతో శ్రద్ధగా, ఎంతో వేగంగా, విరిగినదానికి మూలాలు కట్టింది. పెద్ద అంకెల పక్కన నిలబడ్డ చిన్న అంకెలు ఆ తోపులాటలో నలిగిపోయాయి. ఇది చూసి నాకు కలగాల్సింది భయం. కానీ కలిగింది సంతోషం, ఎవరో ఇన్నేళ్ళ తర్వాత నన్ను నా పేరు పెట్టి పిలిచినట్టు.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. ఏ అడుగులోనూ ఆ గుణం విరగకుండా లెక్క నడపాలి, మొదటి నుంచి చివరి దాకా, అదీ మా పట్టు. దారి సగం నా పాత వ్యాసాల్లో ఉంది, మిగతా సగం ఎక్కడా లేదు. నేను మూడు దారులు పట్టాను, మూడూ గోడకు తగిలాయి. నాలుగోది పిట్టది. బోర్డు ముందు నిలబడి, నన్ను చూడకుండా, ఎవరికీ వినపడకూడదన్నట్టు చెప్పుకుంటూ పోయింది, రెండు చోట్ల నేను కాదన్నాను, రెండు చోట్లా నేనే తప్పు. చివర్లో సుద్ద కింద పెట్టి, "సరిగ్గానే ఉందా మేడమ్?" అంది. ఉందని చెప్పి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను, మా పనికి ఇక నేను లేకపోయినా పరవాలేదని తెలిసిన క్షణం అది, దిగులు కలగాలి కదా, ఒళ్ళంతా గర్వం. మా పద్ధతిలో కట్టేసరికి తప్పిపోయినవాళ్ళందరూ ఇంటికొచ్చారు. అందులో ఒక జతను చూసి ఇద్దరం నోరు తెరిచాం. ప్రోగ్రాం ఆ రెంటినీ దూరదూరంగా విసిరేసింది, నిజానికి అవి ఒకటి అనే అంకెకు అటూ ఇటూ అంటిపెట్టుకుని ఉన్నాయి. ఒకటికి దగ్గరంటే వణుకు ఒక దిమ్మ నుంచి ఇంకో దిమ్మకు పోతున్నా దాదాపు తగ్గదన్నమాట. ఏ వేగం దగ్గరో కూడా తేలింది. డ్రైవరు చొక్కా తడిసిన వేగమే.

మీటింగులో ఇనుపాయన ఒప్పుకోలేదు. ఒప్పుకోడని తెలుసు. పెద్ద బల్ల, చుట్టూ పెద్దవాళ్ళు, అందరి ముందూ నీళ్ళ సీసాలు. "ఒకటీ అరా తేడాలు ఏ లెక్కలోనైనా ఉంటాయి మేడమ్. ఆ జతలు కలవకపోతే ఏమిటి, ప్రాణం పోతుందా?" అన్నాడు. "లెక్క ప్రాణం ఎప్పుడో పోయింది సార్. ఇక ఎవరి ప్రాణం పోవాలో మీరే చెప్పాలి" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకూ తెలియలేదు, ముప్పై ఏళ్ళు నేనెప్పుడూ అలా మాట్లాడలేదు, గదిలో సీసా మూత తీస్తున్న చెయ్యి కూడా ఆగిపోయింది. ఆయన కోప్పడతాడనుకున్నాను. లేచి నిలబడి, "మీ లెక్క ఒకటి చెబుతోంది, మా లెక్క ఇంకోటి చెబుతోంది. ఎవరి మాట వింటుందో పట్టానే అడుగుదాం పదండి" అన్నాడు. అందుకు మాత్రం ఆయనకు దణ్ణం పెట్టాలి. మర్నాడే వంతెన మీదికి తీసుకెళ్ళాడు. పట్టా పొడుగునా వణుకు కొలిచే బిళ్ళలు అంటించారు. సుత్తి తనే పట్టుకున్నాడు. కొట్టాడు. దగ్గరి బిళ్ళలన్నీ ఉలిక్కిపడ్డాయి, అది ఎవరైనా ఊహించేదే. అందరం దూరపు బిళ్ళ వైపే చూస్తున్నాం. వాళ్ళ లెక్క ప్రకారం అది నిద్రపోతుండాలి. అదీ వణికింది, మేము ఎంత అన్నామో అంత. ఇనుపాయన మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అంతే. సుత్తి కింద పెట్టి, తల తిప్పకుండా, "చెప్పండి మేడమ్, ఏం మార్చాలి?" అన్నాడు. పట్టా కింద వేసే రబ్బరు మెత్తల్ని వంతెన పొడుగునా మార్చాలన్నాను. ఎంత మెత్తగా ఉండాలో కూడా మా జతలే చెప్పాయి, వాటిని ఒకటి దగ్గర నుంచి ఎంత దూరం జరపాలో చూస్తే అదే తేలింది.

వేగం అంకెలు ఇక కుదురుగా పెరుగుతున్నాయి, పొలాలు పోయి గుట్టలు మొదలయ్యాయి, కిటికీ అద్దంలో నా మొహం గుట్ట మీద తేలుతోంది. నేనే ఎక్కుతానని చెప్పిన రాత్రి మా ఆయన భోజనాల బల్ల దగ్గర చెంచా పక్కన పెట్టాడు. పళ్ళ డాక్టరు, ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని ఉండగా తనొక్కడే మాట్లాడే వృత్తి, ఇంట్లోనూ అదే అలవాటు. "లెక్క చెప్పావు, అయిపోయింది. ఎక్కడమెందుకు? పళ్ళు పీకేవాడు ముందు తన పన్ను పీకించుకుంటాడా? బస్తాలున్నాయిగా" అన్నాడు. బస్తాలు దిగొచ్చి ఎలా ఉందో చెప్పవుగా అన్నాను. ఆయన ఇంకేదో అనబోతుంటే అత్తయ్య అందుకుంది. "నువ్వూరుకోరా. తను కట్టిన లెక్క మీద తను కూర్చోకపోతే ఇంకెవరొచ్చి కూర్చుంటారు? అమ్మాయ్, నన్నూ తీసుకెళ్ళు. ఇసుకకు లేని అడ్డు నాకేమిటి? కావాలంటే తూచుకోమను." ఇవాళ పొద్దున ఆయనే కారులో దింపాడు. ప్లాట్‌ఫారం మీద నా చేతిలో కాఫీ ఫ్లాస్కు పెట్టి, మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూసి, అక్కడే నిలబడిపోయాడు. బండి కదిలాక వెనక్కి చూశాను, చెయ్యి ఊపడం మరిచిపోయి ఉన్నాడు.

ఇదిగో, ఆ వేగం. ఇనుపాయన నా వైపు చూసి తలూపాడు, పెదాలు బిగించి. ఇక వెనక్కి తగ్గే వీలు లేదు. మెత్తల రబ్బరు చలికి గట్టిపడి ఉంటే? లేదు, దాన్ని కూడా లెక్కలో వేశాం, పిట్ట వేసింది, నేను సరిచూశాను. బిగింపుల్లో ఒకటి వదులై ఉంటే? నిన్న మనుషులు ప్రతిదీ చేత్తో తట్టి చూశారు. అయినా భయం లెక్క వినదు. గుట్ట గోడ ఒక్కసారి తెగిపోయి రెండు వైపులా వెలుతురు, కింద ఏమీ లేదు, ఎక్కడో అడుగున సన్నటి నీళ్ళ గీత, వంతెన మీద ఉన్నాం, అరికాళ్ళతో వింటున్నాను, డ్రైవరు చెప్పినట్టు మొదట అరికాళ్ళకే తెలుస్తుంది, చెప్పుల్లోంచి పాదాలు తీసి నేలకు ఆనించాను, చల్లగా ఉంది, చక్రాల నిలకడైన ఊపిరి ఉంది, అంతే, తేనెతుట్టె లేదు, ఇంకా లేదు, ఈ క్షణాన నా కింద ఒక్కో దిమ్మా వణుకును పక్కదానికి అందిస్తోంది, అందుకున్నది సగం పారేసి మిగతాది అందిస్తోంది, దానిలో సగం, దానిలోనూ సగం, ముందుకూ అంతే, వెనక్కీ అంతే, నేనెన్నో ఏళ్ళు ఎవరూ చూడని గదిలో కూర్చుని చూసిన జతలు ఇక్కడ ఇనుములో ఉన్నాయి, నా బరువు మోస్తున్నాయి, ఇది నాది, ఈ నిలకడ నాది, నాదీ పిట్టదీ, నీళ్ళ గీత పోయింది, పచ్చిక వచ్చింది, ఆవు, కంచె, ఇంకో ఆవు.

ఏమీ జరగలేదు. ఇంతకాలం పనిచేసి నేను సాధించింది ఇదే, ఏమీ జరగకపోవడం. రేపు ఈ సీట్లలో మనుషులు కూర్చుంటారు, పిల్లలకు బిస్కెట్లు పెడతారు, పోట్లాడుకుంటారు, కిటికీ చోటు కోసం అలుగుతారు, లోయ మీద ఏదో జరగలేదని ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడమే గొప్ప. ఇంత గర్వం నాలో ఇన్నాళ్ళు ఎక్కడ దాక్కుందో, ఎవరైనా పలకరిస్తే ఫెళ్ళున నవ్వేసేలా ఉన్నాను.

"వంతెన వచ్చిందా మేడమ్?" అన్నాడు ఇనుపాయన. ఇంతసేపూ కళ్ళు మూసుకున్నాడని అప్పుడు తెలిసింది. "వచ్చింది, వెళ్ళిపోయింది" అన్నాను. ఆయన కమ్మీ వదిలాడు, పట్టు వదలడానికి రెండో చేత్తో వేళ్ళు విప్పుకోవలసి వచ్చింది. దగ్గర్లో ఉన్న బస్తా వీపు మీద ఫట్‌మని చరిచి, "విన్నావురా!" అని గట్టిగా నవ్వాడు. ఇంతలో నా ఫోను మోగింది, వంతెన స్తంభాల కింద మీటర్ల దగ్గర ఉన్న పిట్ట. "మేడమ్, మీరు దాటేశారు" అంది. దాటేశాం, వణుకు సంగతి చెప్పు అన్నాను. "చచ్చిపోయింది మేడమ్. రెండో స్తంభం దాకా కూడా రాలేదు. మన లెక్క గీసిన గీత మీద మీటరు గీత పడింది, రెండు గీతలని తెలియడం లేదు, నేను..." ఏడుస్తున్నావా అన్నాను. "లేదు మేడమ్, ఇక్కడ గాలి." ఫోను ఇనుపాయనకు అందించాను. "తప్పిపోయిన జతను పట్టుకున్న మనిషి, మాట్లాడండి" అన్నాను. అంతటి మనిషి కోటు బొత్తాం పెట్టుకుని, నిటారుగా నిలబడి ఫోను చెవికి ఆనించుకున్నాడు, అవతల ఉన్నావిడ తనను చూస్తున్నట్టు. "నమస్కారమండీ" అన్నాడు. తర్వాత ఏం మాట్లాడాడో నేను వినలేదు. అది వాళ్ళిద్దరిది.

చివరి స్టేషన్లో బండి ఆగాక డ్రైవరు ఆ చివర క్యాబిన్‌లోంచి దిగి ఈ చివర క్యాబిన్‌కు నడిచి వస్తూ నా కిటికీ దగ్గర ఆగాడు. చొక్కా పొడిగా ఉంది, కావాలనే నాకు చూపించాడు. "తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి భయపడాలా మేడమ్?" అన్నాడు. అక్కర్లేదు, అటు నుంచి ఏదో ఇటు నుంచీ అదే అన్నాను. "లెక్కలో అలా ఉందా?" అన్నాడు. ఆ లెక్క మొత్తం అదే అన్నాను. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

కాఫీ తాగి, సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు చాపుకున్నాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి బండి ఆగి ఉంది. కిటికీ అవతల మా ఆయన పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు, నేను దిగడం చూసి పరుగులాంటి నడకతో వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "వస్తూ వంతెన మీద ఎలా ఉంది?" అన్నాడు.

"నాకేం తెలుసు," అన్నాను, "నిద్రపోయాను."